డాక్టర్ అనిబిసెంటు - విద్యాదానమా? విద్యావిక్రయమా?

ప్రతి సంవత్సరమూ కళాశాల వార్షిక సంచికలో ఒక మహనీయుని జీవితచరిత్ర ప్రకటించడం ఆనవాయితీ. ఉర్దూ విభాగంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారో, మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారో, డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారో దర్శనమిస్తారు. తెలుగు విభాగంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు, గురజాడ అప్పారావు గారు వంతులవారీగా వస్తూంటారు. ఈ పర్యాయం మేము ఈ రెండు వరుసలలోనూ ఇమడని ఒక వ్యక్తిని ఎన్నుకున్నాము. ఆమె పుట్టుకచేత భారతీయురాలు కాదు. ఆమె మాతృభాష తెలుగూ కాదు, ఉర్దూ కాదు. అయినప్పటికీ మదనపల్లెలో చదువు అన్న మాట ఎత్తినవారు ఆమె పేరు తలవకుండా ముందుకు సాగలేరు. ఆమె డాక్టర్ అనిబిసెంటు.

ఈ ఎన్నికకు మరొక కారణం కూడా ఉన్నది. జూన్ మాసం వచ్చినదంటే మా ప్రాంతపు ఇళ్ళలో వినవచ్చే మాట ఒక్కటే - ఫీజు. టమాటాకు ధర పలికిన ఏడు మదనపల్లె రైతు తన బిడ్డను రంగురంగుల బస్సు వచ్చే బడిలో చేర్పిస్తాడు. ధర పడిపోయి బుట్టలు రోడ్డుమీద పారబోసిన మరుసటి ఏడు అదే బిడ్డను తిరిగి ప్రభుత్వ పాఠశాలకు తెస్తాడు. పుంగనూరులో చిన్న దుకాణం నడుపుకొనే తండ్రి ఇంటిల్లిపాది నగలు కుదువబెట్టి కుమార్తెను ఇంటర్మీడియట్‌లో చేర్చడం మేము కన్నులారా చూచినదే. తమిళ, కన్నడ సరిహద్దులు రెండూ తగిలే కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోయే మనిషి, రాత్రి ఇల్లు చేరి మొట్టమొదట అడిగేది పిల్లవాడి ఫీజు రశీదు గురించే. చదువు అంగడి సరుకైనదని అందరూ అంటున్నారు. ఈ మాటకు అర్థమేమిటో, చదువు ఎవరి బాధ్యతో విచారించాలంటే, సొంత డబ్బుతో విద్యాలయాలు స్థాపించి, వాటితో వ్యాపారం చేయని ఒకరి జీవితం తెలుసుకోవడం మేలని మాకు తోచినది.

1847 అక్టోబరు 1వ తేదీన లండను నగరంలో అనీ వుడ్ అన్న పేరుతో ఆమె జన్మించారు. ఐదేళ్ళ ప్రాయంలో తండ్రి గతించారు. తల్లి ఎమిలీ చేతిలో మిగిలినది బహు స్వల్పం. అయినా కుమారుని హారో పాఠశాలలో చదివించాలని ఆమె పట్టుదల. హారో అంటే ఇంగ్లండులో ప్రభువుల బిడ్డలు చదివే చోటు. అక్కడివారు అటువంటి బడిని పబ్లిక్ స్కూలు అంటారు గాని, ఆ పేరు చూచి మన పాఠకులు మోసపోరాదు; సామాన్య ప్రజకు అందులో ప్రవేశం దుర్లభం. తల్లి ఆ ఊరికి తరలిపోయి, పాఠశాల విద్యార్థులకు భోజన వసతులు సమకూర్చే ఇల్లు ఒకటి నడిపి, ఆ సంపాదనతో కుమారుని చదివించారు. మదనపల్లెలో గది అద్దెకు తీసుకొని, బిడ్డలకు వండిపెడుతూ చదివించే పల్లెటూరి తల్లులను చూచినప్పుడల్లా మాకు ఆ ఇల్లాలు జ్ఞప్తికి వస్తారు.

మరి కుమార్తె మాట? ఆడపిల్లను చదివించడానికి డబ్బు లేదు. అప్పుడు ఎలెన్ మారియట్ అనే విదుషి ఆ ఎనిమిదేళ్ళ బాలికను తన ఇంటికి తీసుకువెళ్ళి, మరికొందరు పిల్లలతో పాటు కొన్ని సంవత్సరాలు చదువు చెప్పారు. ఇందుకు ఆమె పైసా పుచ్చుకోలేదు. ఆ ఇంటిలో వల్లెవేత లేదు. పిల్లలు తాము చూచిన దానిని ఉత్తరాలుగా వ్రాసేవారు. ఆ ఉత్తరాలలోని తప్పులు దిద్దడమే వ్యాకరణ పాఠం. అన్నగారి చదువుకు తల్లి ఫీజు కట్టినది. చెల్లెలి చదువుకు ఎవరూ కట్టలేదు. లోకం జ్ఞాపకం పెట్టుకొన్నది మాత్రం చెల్లెలి పేరు. ఫీజు పెరిగినకొద్దీ చదువు నాణ్యత పెరుగుతుందని నమ్మే తలిదండ్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించవలసి ఉంటుంది.

ఆమె యౌవనకాలపు కష్టాలను సంగ్రహంగా చెప్పి ముందుకు సాగుతాము. 1867లో ఫ్రాంక్ బిసెంటు అనే మతాచార్యునితో వివాహం, ఇద్దరు బిడ్డలు, మతవిశ్వాసాలలో భేదం, 1873లో ఎడబాటు. పిమ్మట ఆమె చార్లెస్ బ్రాడ్లా నాయకత్వంలోని హేతువాద ఉద్యమంలో చేరారు. సంతాన నియంత్రణను గూర్చిన ఒక చిన్న పుస్తకం పునర్ముద్రించినందుకు 1877లో ఆ ఇరువురిపై అభియోగం నడిచినది. ఆ కారణం చేతనే మరుసటి సంవత్సరం న్యాయస్థానం కుమార్తెను తల్లి సంరక్షణ నుంచి తప్పించినది. ఆ రోజులలోనే ఆమె విజ్ఞానశాస్త్ర పట్టం కోసం లండను విశ్వవిద్యాలయ పరీక్షలకు చదివారు. 1883లో వృక్షశాస్త్ర తరగతిలో చేరబోతే, ఆమె అభిప్రాయాలు నచ్చని కళాశాలవారు తలుపు మూశారు. పట్టం ఆమెకు దక్కలేదు. చదువుకోవాలని వచ్చినవారిని గుమ్మం వద్దనే నిలిపివేయడం ఎంత క్రూరమో ఆమె స్వానుభవంతో ఎరిగినవారు.

1888వ సంవత్సరాన్ని గూర్చి మాత్రం కొంత విస్తరించి చెప్పక తప్పదు. ఆ జూలైలో లండనులోని అగ్గిపెట్టెల కర్మాగారంలో పనిచేసే 1,400 మంది బాలికలు, స్త్రీలు సమ్మె చేశారు. వారి దుస్థితిని పత్రికలో వ్రాసి లోకానికి చాటినవారు, సమ్మెకు అండగా నిలిచినవారు అనిబిసెంటు. ఆ పిల్లలు బడిలో ఉండవలసిన వయస్సులో భాస్వరం పొగలో ఎందుకున్నారన్న ప్రశ్న ఆమెను వదలలేదు. అదే సంవత్సరం నవంబరులో లండను స్కూలు బోర్డుకు ఎన్నికలు జరిగాయి. స్త్రీలకు పార్లమెంటు ఓటు లేని కాలమది. కాని స్కూలు బోర్డులకు స్త్రీలు పోటీ చేయవచ్చును. నిరుపేద కార్మికులు నివసించే టవర్ హామ్లెట్స్ నుంచి ఆమె నిలిచి, 15 వేలకు పైగా ఓట్లతో అక్కడి అభ్యర్థులందరికన్న ముందు నిలిచారు.

స్కూలు బోర్డు అంటే ఏమిటో మన విద్యార్థులకు తెలియవలసి ఉన్నది. ఇంగ్లండులో 1870 వరకు ప్రాథమిక విద్య చర్చీల చేతిలోనూ, దాతల చేతిలోనూ, చిల్లర డబ్బులకు ఇంటి అరుగుమీద బడి నడిపేవారి చేతిలోనూ ఉండేది. ఆ సంవత్సరపు చట్టం ద్వారా ప్రజలు ఎన్నుకొన్న బోర్డులకు, పన్ను వసూలు చేసి పాఠశాలలు నెలకొల్పే అధికారం లభించినది. 1880లో చదువు నిర్బంధమైనది. నిర్బంధమైనది గాని ఉచితం కాలేదు! వారం వారం పిల్లవాడు కొన్ని పెన్నీలు బడికి తీసుకుపోవాలి. పంపని తండ్రికి జరిమానా. ఒక చేత్తో రమ్మని, మరొక చేత్తో చెల్లించమని అడిగే ఈ విధానం పదకొండేళ్ళు నడిచినది. 1891లో ప్రభుత్వం పిల్లవానికి ఏటికి 10 షిల్లింగుల చొప్పున బడికి తానే చెల్లించే చట్టం వచ్చిన తరువాత గాని పేదవారి ఫీజు పోలేదు. పెట్టుబడిదారీ విధానానికి పుట్టినిల్లయిన దేశంలోనే ప్రాథమిక విద్య ఖర్చును ఖజానా భరించవలసి వచ్చిందన్న సంగతిని, చదువంతా ప్రైవేటువారికి వదలివేయాలని వాదించే నేటి మేధావులు ఎందుకో ప్రస్తావించరు.

ఆ బోర్డులో ఆమె మూడేళ్ళు పనిచేశారు. ఆకలితో తూలుతున్న బిడ్డకు అక్షరాలు ఎక్కవని వాదించి, పస్తులుండే పిల్లలకు భోజనం పెట్టించడానికి పాటుపడ్డారు. బోర్డు పనులు చేసే గుత్తేదారులు తమ కార్మికులకు న్యాయమైన కూలి ఇవ్వాలన్న షరతు పెట్టించారు. బడి కట్టే తాపీమేస్త్రీ బిడ్డ పస్తులుండి, ఆ బడిలో పరుల బిడ్డలు చదవడం అధర్మమని ఆమె భావించినట్లున్నది. ఈనాడు మన మధ్యాహ్న భోజనం గురించి చదివినప్పుడు, దాని పూర్వగాథలలో ఈ పేజీ కూడా ఒకటని గుర్తించడం సముచితం.

1889లో ఆమె దివ్యజ్ఞాన సమాజంలో చేరడం, హేతువాద మిత్రులు నివ్వెరపోవడం, 1893 నవంబరులో భారతభూమిపై అడుగిడడం ప్రసిద్ధ విషయాలు. ఆమె తాత్త్విక విశ్వాసాల జోలికి మేము పోదలచలేదు. వాటిని అంగీకరించేవారూ ఉన్నారు, నవ్వేవారూ ఉన్నారు. మనకు కావలసినది ఆమె విద్యాకృషి.

1898 జూలైలో కాశీలో ఒక చిన్న అద్దె ఇంటిలో సెంట్రల్ హిందూ కళాశాల ఆరంభమైనది. తరువాత కాశీ మహారాజు స్థలమూ భవనమూ ఇచ్చారు. పేద విద్యార్థులకు అందుబాటులో ఉండేలా ఫీజు తక్కువగా ఉంచారు. ప్రభుత్వ గ్రాంటు అడగలేదు. మరి జీతాలు? బాబు భగవాన్ దాస్ వంటి దేశీయులు, రిచర్డ్సన్, అరండేల్ వంటి విదేశీయులు అనేకులు జీతం లేకుండా పనిచేశారు. అనిబిసెంటు ఉపన్యాసాలవలన, గ్రంథాలవలన వచ్చిన ధనం అందులో పోశారు. దేశమంతా తిరిగి చందాలు పోగుచేశారు. 1904లో బాలికల పాఠశాల కూడా వెలసినది. పిమ్మట పండిత మదనమోహన మాలవ్యా గారు విశ్వవిద్యాలయం తలపెట్టినప్పుడు, పెంచి పెద్దచేసిన ఆ కళాశాలను ఆమె అప్పగించివేశారు. 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగినది.

మైనారిటీ కళాశాల సంచికలో ఒక హిందూ కళాశాల ప్రశంస ఏమిటని ఎవరైనా అడుగవచ్చును. అలీగఢ్‌లో సర్ సయ్యద్ గారు 1875లో పాఠశాల, 1877లో కళాశాల నెలకొల్పి చేసిన పనికీ, కాశీలో ఈమె చేసిన పనికీ స్వభావంలో భేదం లేదు. రెండూ తమ వారి చందాలతో నిలిచాయి. రెండూ విశ్వవిద్యాలయాలుగా ఎదిగాయి - ఒకటి 1916లో, మరొకటి 1920లో. సొంత మతస్థుల పేరిట బడి పెట్టడం తప్పు కాదు. ఆ పేరు చెప్పి ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న. దానిని మేము ముందు మళ్ళీ ఎత్తుకుంటాము. అనిబిసెంటుకు ఇస్లాముపై ఆదరమే ఉండేది. ఇస్లాం సౌందర్యాన్ని గూర్చి ఆమె చేసిన ఉపన్యాసం అడయారు నుంచి పుస్తకంగా వెలువడినది.

ఇక మదనపల్లె. ఈ పట్టణంతో ఆమె సంబంధం మొదట ఒక బాలుని ద్వారా లోకానికి తెలిసినది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారు చూచి, జగద్గురువు కాగలవాడని ఎంచి, పెంచసాగారు. 1912లో తండ్రి జిడ్డు నారాయణయ్య గారు తన కుమారులను తనకు ఇప్పించమని మద్రాసు హైకోర్టుకెక్కారు. అక్కడ ఆయన గెలిచారు. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిలులో అనిబిసెంటు గెలిచారు. ఒకనాడు కన్నకూతురిని న్యాయస్థానం లాగుకొంటే విలపించిన తల్లి, మరొకనాడు ఒక తండ్రి ఎదుట ప్రతివాదిగా నిలవడం విధివైచిత్ర్యం. ఈ వ్యవహారంలో మా సానుభూతి ఆ తండ్రి పక్షాననే ఉన్నదని దాచుకోనవసరం లేదు. మహనీయుల జీవితాలు వ్రాసేవారు వారి తప్పులను కప్పిపుచ్చనవసరం లేదు.

1913లో ఆమె విద్యాసేవకై దివ్యజ్ఞాన విద్యా ధర్మనిధిని ఏర్పరచారు. ఆ పక్షాన 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసినది. రాయలసీమ నాలుగు జిల్లాలలో అది తొలి కళాశాల. అనంతపురంలో ప్రభుత్వ కళాశాల ఆరంభమైనది మరుసటి సంవత్సరం. అంతకు మునుపు ఈ ప్రాంతపు పిల్లవాడు మెట్రిక్యులేషన్ తరువాత చదవాలంటే మద్రాసుకో మరొక దూరపు పట్టణానికో పోవాలి. పోగలిగినవారు జమీందారుల బిడ్డలు, వకీళ్ళ బిడ్డలు. కొండల నడుమ ఉన్న ఈ చిన్న పట్టణంలో కళాశాల పెట్టడం వ్యాపారదృష్టితో చూస్తే శుద్ధ తెలివితక్కువ పని. ఫీజు కట్టగలిగిన జనం అక్కడ లేరు; ఉన్నవారు వర్షం కోసం ఆకాశం వైపు చూచేవారు. లాభం చూచుకొనేవాడు ఇక్కడికి ఆ రోజులలో రాడు. రావలసిన ప్రభుత్వమేమో రాలేదు. ఆ ఖాళీలోనే ఆమె కళాశాల పెట్టారు. తరువాత ఈ ఊరిలో ఎన్నో విద్యాలయాలు వెలిశాయి గాని, అవన్నీ చదువుకు గిరాకీ ఏర్పడిన తరువాత వచ్చినవి. గిరాకీ లేనినాడు వచ్చిన వారికీ, ఉన్ననాడు వచ్చిన వారికీ మధ్య భేదం పాఠకులు గ్రహించగలరు.

రెండేళ్ళు తిరిగేసరికి పరీక్ష వచ్చినది. 1916 సెప్టెంబరులో ఆమె హోంరూల్ లీగు స్థాపించారు. అంతకుముందే ఆమె న్యూ ఇండియా పత్రికపై ప్రభుత్వం ధరావతు విధించినది. విద్యార్థులు రాజకీయ సభలకు పోరాదని మద్రాసు ప్రభుత్వం 1917లో ఉత్తరువు చేసినది. ఆ జూన్‌లో గవర్నరు పెంట్లండు ప్రభువు అనిబిసెంటును, అరండేల్, వాడియాలను నిర్బంధించి ఉదకమండలానికి పంపారు. దేశం అట్టుడికినది. మదనపల్లె విద్యార్థులు ఆందోళనలో పాల్గొన్నారు. ఫలితంగా మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు ఆ కళాశాలకు పోయినది.

సరిగా అదే కాలంలో మౌలానా ఆజాద్ గారు రాంచీలో నిర్బంధంలో ఉన్నారు; అక్కడ ఉంటూనే 1917లో ఒక మదరసా స్థాపించారు. అలీ సోదరులు కూడా నిర్బంధంలోనే ఉన్నారు. తన కుమారుల విడుదల కోసం, అనిబిసెంటు విడుదల కోసం సాగిన ఆందోళనలో వృద్ధురాలైన బీ అమ్మా గారు పాల్గొన్నారు. సెప్టెంబరులో అనిబిసెంటు విడుదలై, డిసెంబరులో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. కాంగ్రెసు అధ్యక్షపీఠంపై కూర్చున్న తొలి మహిళ ఆమె.

ఈ గౌరవాల మాట అలా ఉంచి, గుర్తింపు పోయిన మదనపల్లె పిల్లల గతి ఏమిటి? అడయారు కేంద్రంగా ఆమె జాతీయ విశ్వవిద్యాలయం నెలకొల్పారు. రవీంద్రనాథ ఠాగూరు దానికి ఛాన్సలరు. మదనపల్లె కళాశాల అందులో చేరినది. పేరు గొప్పదే, ఆశయం గొప్పదే. కాని ఆ పట్టానికి ప్రభుత్వోద్యోగపు గుమ్మంలో చెలామణి లేదు. ఐదెకరాల మెట్ట అమ్మి కుమారుని చదివించిన తండ్రికి ఆ పట్టం ఏమి చేసుకోవాలో తెలియదు. మేము ఆలోచించగా, ఈ వృత్తాంతంలో రెండు సత్యాలు కనబడతాయి. ప్రభుత్వం నుంచి ఏమీ పుచ్చుకోని సంస్థకు స్వేచ్ఛ ఉంటుంది. ఆ స్వేచ్ఛకు మూల్యం మాత్రం విద్యార్థి చెల్లిస్తాడు. ప్రభుత్వపు చేతిలో గుర్తింపు ఒక ఆయుధం. నచ్చనినాడు దానిని పిల్లలపైననే ఎక్కుపెడుతుంది. ప్రభుత్వం బాధ్యత వహించాలి అని కోరేవారమంతా, ఆ బాధ్యత పెత్తనంగా మారకుండా చూచుకొనే ఉపాయమూ వెదకవలసి ఉన్నది. అనిబిసెంటు తన జీవితంలో ఈ చిక్కును పూర్తిగా విప్పలేకపోయారు. కొన్నేళ్ళకు కళాశాల తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయపు గూటికి చేరక తప్పలేదు.

అయినా ఆ గుర్తింపు లేని రోజులలోనే ఆ కళాశాలకు శాశ్వత కీర్తి వచ్చినది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అక్కడ ఆంగ్లం బోధించి, పిమ్మట ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆయన ఆహ్వానంపై 1919 ఫిబ్రవరి చివర ఠాగూరు మదనపల్లె వచ్చి కొన్నిరోజులు విశ్రమించారు. ఒక సాయంత్రం విద్యార్థుల గోష్ఠిలో జనగణమన పాడి వినిపించారు. కజిన్స్ సతీమణి మార్గరెట్ దాని స్వరాన్ని లిపిబద్ధం చేశారు. ఫిబ్రవరి 28న ఠాగూరు దానికి ఆంగ్లానువాదం వ్రాసి ఆ కళాశాలకు కానుకగా ఇచ్చారు. ప్రభుత్వ గుర్తింపు పోయిన కళాశాలలో విద్యార్థులు నేర్చుకొన్న ఆ గీతం, 1950లో ఆ దేశపు జాతీయగీతమైనది!

1920 తరువాత గాంధీజీ సహాయనిరాకరణతో ఆమె ఏకీభవించలేదు. జనం ఆమెను విడిచి ముందుకు సాగిపోయారు. మొన్నటి దాకా చప్పట్లు కొట్టిన సభలలోనే ఎత్తిపొడుపులు వినవలసి వచ్చినది. ఆ చీకటి రోజులలో ఆమె చేసిన ఒక పని ఇప్పటికీ తగినంతగా ప్రచారంలోకి రాలేదు. 1925లో కామన్వెల్త్ ఆఫ్ ఇండియా బిల్లు అన్న పేరుతో ఆమె, తేజ్ బహదూర్ సప్రూ ప్రభృతులు స్వపరిపాలనకు ఒక రాజ్యాంగ చిత్తు తయారుచేశారు. అందులో పౌరుని ప్రాథమిక హక్కులను వరుసగా పేర్కొన్నారు. ఆ వరుసలో ఉచిత ప్రాథమిక విద్య ఒక హక్కు. బ్రిటిషు పార్లమెంటులో లేబరు సభ్యుడు జార్జి లాన్స్‌బరీ దానిని ప్రవేశపెట్టారు గాని అది అంతటితో ఆగిపోయినది. 1928 నెహ్రూ నివేదికలో ఆ హక్కు మళ్ళీ చోటు చేసుకొన్నది.

ఇక్కడ ఆమె జీవితమంతా ఒక్క చూపులో కనబడుతుంది. ప్రైవేటు విద్యాలయాలను స్థాపించడంలో ఆనాడు ఆమెను మించినవారు అరుదు. అయినా చదువు దాతల దయపై నడవవచ్చునని ఆమె వ్రాయలేదు. పునాది చదువు పౌరుని హక్కు, ఆ ఖర్చు రాజ్యానిది అని చట్టంలో చేర్చబోయారు. లండను స్కూలు బోర్డులో నేర్చుకొన్న పాఠాన్ని నలభై ఏళ్ళు మరువలేదన్నమాట. ప్రభుత్వం చేయవలసిన పని చేసిన తరువాత, ప్రయోగం చేయడానికి, కొత్తదారి చూపడానికి దాతకు చోటున్నది. రాజ్యం తప్పుకొన్న చోట దాత దీపం పెట్టవచ్చు గాని, ఊరంతటికీ వెలుతురు ఇవ్వలేడు. ఆ చీకటిలో నూనె అమ్ముకొనేవాడు వేరు.

ఆమె చివరి సంవత్సరాలలో మదనపల్లెకు కొంత దూరంలోని లోయలో భూమి సేకరించడం జరిగినది. 1930వ దశకంలో అది రిషివ్యాలీ పాఠశాలగా రూపొందినది. ఆ ప్రాంగణం చుట్టుపట్ల పల్లెలలో పేదపిల్లల కోసం తయారైన ఏకోపాధ్యాయ పాఠశాలల బోధన విధానం, పిమ్మట ఎన్నో రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలకు పాకినది. దాత చేయగలిగిన పని అంటే మేము చెప్పినది ఇదే. 1933 సెప్టెంబరు 20వ తేదీన అడయారులో ఆమె కన్నుమూశారు. మదనపల్లె కళాశాల ఆమె పేరు ధరించి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలగా ప్రసిద్ధి చెందినది.

ఆమె తరువాతి కథ మనది. 1950 నాటి రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్ళలో 14 ఏళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి కృషి చేయమని రాజ్యాన్ని ఆదేశించినది. 1960 వచ్చినది, పోయినది. 2002లో 86వ సవరణతో గాని అది హక్కు కాలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి గాని చట్టం అమలుకు రాలేదు. 1925 చిత్తుకూ దీనికీ నడుమ 85 ఏళ్ళు! ఈ నడిమికాలంలో అంగడి పెరిగినది. మన రాష్ట్రం 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసినది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో వృత్తివిద్యా కళాశాలల సీట్లకు కట్టుబాటు విధించినది. ఆ వ్యాజ్యం మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళినది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ కట్టుబాటును తొలగించి, విద్యతో లాభార్జన కూడదని మాత్రం చెప్పినది. కూడదని చెప్పడం సులభం. రశీదు లేని సొమ్మును పట్టుకోవడం కష్టం. మరొక వంక ప్రభుత్వమే ఫీజు రీయింబర్సుమెంటు పేరిట ప్రైవేటు కళాశాలలకు ధనం చెల్లించే పద్ధతి వచ్చినది. దానివలన పేద ఇంటి పిల్లలెందరో, మా ముస్లిం కుటుంబాల ఆడపిల్లలెందరో ఇంజనీర్లయ్యారు, కాదనలేము. అయితే అదే కాలంలో ప్రభుత్వ కళాశాలల్లో అధ్యాపకుల ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోవడం కూడా చూచాము. 2021లో ఎయిడెడ్ కళాశాలలు గ్రాంటును, ఆ ఉద్యోగులను ప్రభుత్వానికి వదలుకొనవలసినదని ఒత్తిడి వచ్చినప్పుడు, విద్యార్థులు వీధిలోకి వచ్చినది ఫీజు పెరుగుతుందన్న భయంతోనే.

ప్రభుత్వం తలచుకొంటే చేయలేదా అంటే, చేయగలదు. 1997లో, మూడు రాష్ట్రాలు కలిసే మారుమూల కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం నెలకొల్పినది ప్రభుత్వమే. లాభం చూచుకొనేవాడు భాషల అధ్యయనం కోసం ఆ బండల నడుమ విశ్వవిద్యాలయం పెట్టడు.

ఇక మేము ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు తామే నడుపుకొనే హక్కు ఇచ్చినది. 2014లో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు సరియైనదేనా అని 2025లో మరొక ధర్మాసనం సందేహించి విస్తృత ధర్మాసనానికి నివేదించినది. తీర్పు ఎటు పోయినా, మన ఇంటి సంగతి మనకు తెలుసు. మైనారిటీ అన్న పలక వ్రేలాడదీసి, మైనారిటీ పిల్లలను వేళ్ళమీద లెక్కించదగినంత మందిని చేర్చుకొని, మిగిలిన సీట్లు వేలం వేసే సంస్థలు దేశంలో లేవని ప్రమాణం చేయగలవారెవరు? ఈ హక్కు కోసం పోరాడినవారు జామియా మిల్లియా అధ్యాపకుల వంటివారు. 1928లో వారు 20 ఏళ్ళపాటు నెలకు 150 రూపాయలకు మించి జీతం పుచ్చుకోమని ప్రతిజ్ఞ చేశారు. జాకిర్ హుస్సేన్ గారు అంతకన్న తక్కువే తీసుకొన్నారు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో ఉస్మానియా కళాశాల నెలకొల్పినది కూడా ఆ స్ఫూర్తితోనే. ఆ వారసత్వం చెప్పుకొనే అర్హత మనకు ఉన్నదా లేదా అన్నది జమాఖర్చుల పుస్తకమే చెప్పాలి.

కనుక కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒకటి ఉన్నది. ఈ సంచికలో అధ్యక్షుల సందేశానికి, క్రీడల నివేదికకు, వార్షికోత్సవపు ఛాయాచిత్రాలకు పుటలు కేటాయించారు. వచ్చే సంచికలో ఒక్క పుట విడిచిపెట్టండి. విద్యార్థుల నుంచి ఏ పద్దు కింద ఎంత వసూలైనది, అందులో అధ్యాపకుల జీతాలకు ఎంత, గ్రంథాలయానికి ఎంత, ఫీజు మాఫీ పొందిన పిల్లలెందరు అన్న వివరాలు తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేయించండి. ప్రూఫులు దిద్దే పని మేము చేస్తాము.